లంకమలకు వెళ్తున్న తల్లికి

చిరంజీవి తల్లికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ పరిశోధన కోసం కడప జిల్లా లంకమల అడవిలో రెండు నెలలపాటు రాత్రి పక్షుల అరుపులు రికార్డు చేయబోతున్నావని నిన్న మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. మన ఇంట్లో నా తర్వాత ఈ పని ఇంకొకరు చేస్తారని నేనెన్నడూ అనుకోలేదు కనుక పొంగిపోయాను. ఆ ముళ్లపొదల మధ్య చీకట్లో నిలబడిన నిన్ను తలచుకుని తెల్లవారేదాకా నిద్రపోలేకపోయాను.

అటవీశాఖ అనుమతి పత్రం ఎప్పుడూ దగ్గర ఉంచుకో. మోకాళ్ల దాకా బూట్లు వేసుకో, టార్చి వెయ్యకుండా అడుగు వెయ్యకు. ఒంటరిగానే వెళ్తానని మీ నాన్నతో అన్నావట. చిన్నపింజరి పాములు, ఎలుగుబంట్లు తిరిగే అడవి అది; ఆ మాట మళ్లీ నా చెవిన పడకూడదు. ఆ ఊళ్లో గొర్రెలు కాచే పెద్దవారినొకరిని కూలి ఇచ్చి తోడు తీసుకువెళ్లు. ఇది భయం కొద్దీ మాత్రమే చెప్పడం లేదు. 1848లో జెర్డన్ అనే ఇంగ్లీషు వైద్యుడు వెలుగులోకి తెచ్చిన కలివికోడి అనే రాత్రి పక్షి 1900 తర్వాత పండితులెవరికీ కనబడక, అంతరించిపోయిందనే అందరూ అనుకుంటూ ఉండగా, 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దానిని మళ్లీ కనుగొన్నది ఆ ప్రాంతపు మనుషుల సాయంతోనే. వాళ్లు దానిని ఏనాడూ మరచిపోలేదు, పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు.

రికార్డర్ సంగతి నాకంటే నీకే ఎక్కువ తెలుసు కనుక రెండు మాటలే చెబుతాను. ధ్వని తగ్గితే తానే పెంచి, పెరిగితే తానే తగ్గించే అమరికను ఆపివెయ్యి. అది పనిచేస్తూ ఉంటే దూరపు పిట్టకూ దగ్గరి పిట్టకూ ఉన్న తేడా చెరిగిపోతుంది. ఎంపీత్రీలో దాచవద్దు. మనిషి చెవికి అక్కరలేదని లెక్కగట్టిన భాగాలను అది పారవేస్తుంది, పిట్ట చెవి లెక్క వేరు.

ఇక నేను చేసిన పొరపాటు చెప్పాలి. మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

అప్పటికి నాకు ముప్ఫై ఏళ్లు దాటలేదు. కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతూ, సెలవుల్లో క్యాసెట్ రికార్డర్ పట్టుకుని రాత్రిపూట తిరిగే నైట్‌జార్ పిట్టల వెంట తిరిగేవాడిని. గట్టి నేలమీద వదిలిన గోలీ గెంతుతూ గెంతుతూ నిలిచిపోయినట్టు ఉంటుంది ఆ అరుపు. ఒక చలికాలంలో ముందు లంకమల వైపు, ఆ తర్వాత పాలకొండల వైపు రికార్డు చేశాను. బ్యాటరీలు ఖరీదని మొదటి చోట వాడినవాటినే రెండవ చోటా వాడాను. ఇంటికి వచ్చి కొలిచి చూస్తే పాలకొండల పిట్టల స్వరం దాదాపు పదో వంతు హెచ్చుగా ఉంది, అరుపుల మధ్య ఎడం కూడా ఆ మేరకు తక్కువగా ఉంది. కొండ మారితే యాస మారిందని పొంగిపోయాను. మూడు నెలలు శ్రమించి వ్యాసం రాశాను, ఒక సదస్సులో చదివాను, పెద్దలు మెచ్చుకున్నారు.

ఒకనాటి సాయంత్రం మీ పెద్దమ్మ వీణ శ్రుతి చేసుకుంటూ ఉండగా పక్క గదిలో ఆ క్యాసెట్‌ను చివరిదాకా వదిలేశాను. చివర తేదీ, చోటు చెబుతూ నేను మాట్లాడిన మాటలు వచ్చాయి. ఆమె వీణ పక్కన పెట్టి వచ్చి, "ఈ పిల్లవాడెవరండీ?" అని అడిగింది. నేను మాట్లాడిన ముక్క పనికిరానిదని కొలిచేటప్పుడు ప్రతిసారీ దాటవేసేవాడిని. అప్పుడు విన్నాను. బ్యాటరీలు చలికి నీరసించి, రికార్డు చేసేటప్పుడు టేపు నెమ్మదిగా తిరిగింది. ఇంట్లో సరైన వేగంతో తిప్పేసరికి పిట్టతోపాటు నా గొంతూ, వెనుక ఉన్న కీచురాళ్లూ అన్నీ కలిసి పైకి లేచాయి. మారింది పిట్టల యాస కాదు.

సదస్సు నడిపినవారికి ఉత్తరం రాసి వ్యాసం వెనక్కి తీసుకున్నాను. ఆ ఉత్తరాన్ని పోస్టు డబ్బాలో వేసేటప్పుడు నా చెయ్యి వణికిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత కాలేజీ ప్రయోగశాలలోని, కొట్టినప్పుడల్లా సెకనుకు 440 కంపనాల (440 హెర్ట్జ్) ఒకే స్వరం పలికే శ్రుతిదండం వంటిదే ఒకటి కొనుక్కుని, ప్రతి క్యాసెట్ మొదటా చివరా దానిని మోగించి రికార్డు చేసేవాడిని. ఇంట్లో అది 480 పలికితే ఆ రాత్రి కొలతలు అక్కడికక్కడే పక్కన పెట్టేవాడిని.

నీ రికార్డర్‌లో టేపు లేదు కదా అనుకోవద్దు, తల్లీ. ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచి దాచిన దానిని కంప్యూటరు 44,100గా చదివితే స్వరం 8 శాతం దిగిపోతుంది, నీకు తెలియను కూడా తెలియదు. శ్రుతిదండం పార్సిలు చేస్తున్నాను. మొదటా చివరా దానిని మోగించు, నీ గొంతుతో తేదీ, సమయం, చోటు చెప్పు, ఆ ముక్కను ఎన్నడూ కత్తిరించకు.

రికార్డు చేసిన అరుపును తిరిగి పక్షికి వినిపించే పద్ధతి గురించి కూడా నాకు బెంగగా ఉంది. పక్షుల పరిశోధకుడు పి. జెగనాథన్ బృందం కలివికోడి అరుపును రికార్డు చేసి, పొద్దుగుంకిన ముప్పావుగంట తర్వాత దానిని వినిపించి, జవాబును బట్టి పక్షి ఉన్న చోట్లు వెతికిన పద్ధతి మంచిదే. కాని వినిపించడమంటే దాని ఇంటి ముందు మరో పక్షిని నిలబెట్టి కేకలు వేయించడమే. జవాబు రాలేదని మళ్లీ మళ్లీ మీట నొక్కాలనిపిస్తుంది. నొక్కకు. ఆ రాత్రికి వదిలేసి తిరిగి రా.

అన్నిటికన్నా ముఖ్యంగా నీ చెవులను కాపాడుకో. లీలగా వినబడే పిట్ట కోసం నేను ఏళ్ల తరబడి హెడ్‌ఫోన్ల ధ్వని పూర్తిగా పెంచి కూర్చునేవాడిని. అంతలో పక్కనే తీతువు ఒక్కసారి అరిస్తే తల దిమ్మెత్తేది. చెవి తానే సన్నని ధ్వనిని వెలువరిస్తుందని 1978లో డేవిడ్ కెంప్ చూపాడు. అప్పుడే పుట్టిన బిడ్డల వినికిడిని ఈనాడు ఆ ధ్వనితో పరీక్షిస్తారు. మొన్న నాకూ ఆ పరీక్ష చేస్తే, హెచ్చు స్వరాల దగ్గర నా చెవి నుంచి ఏమీ రాలేదు. చెవి లోపల ఆ ధ్వనిని పుట్టించే సన్నని కణాలు ఒకసారి పోతే మనుషులలో మళ్లీ పుట్టవు. వయసు కొంత, నా మూర్ఖత్వం కొంత. 4,000 హెర్ట్జ్ దాటితే నాకు నిశ్శబ్దమే, అందువల్ల మన పెరట్లో కీచురాళ్లు ఆగిపోయి ఐదేళ్లయింది.

నువ్వు తీసే మొదటి రాత్రి రికార్డింగులో ఒక పది నిమిషాలు నాకు పంపు. కీచురాళ్ల భాగాన్ని సగం వేగానికి తగ్గించి పంపితే 6,000 హెర్ట్జ్ స్వరం 3,000కు దిగి నాకు అందుతుంది. నువ్వు తేదీ, చోటు చెప్పిన ముక్కను మాత్రం అసలు వేగంలోనే ఉంచు.

ఇట్లు,
మీ పెదనాన్న