గెలుస్తూనే ఉన్నవాడి కథ ఎలా రాయాలి

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అడ్డుకట్టెలు దాటుతూ పరిగెత్తే హర్డిల్స్ పందెంలో పేరుమోసిన అమెరికా ఆటగాడు ఎడ్విన్ మోజెస్ జీవితం మీద నువ్వు రాస్తున్న పుస్తకంలోని తొలి అధ్యాయాలను మీ నాన్నగారు పాలకొల్లు నుంచి వస్తూ తెచ్చి ఇచ్చారు. క్రికెట్‌ను దాటి వేరే ఆటగాడి గురించి తెలుగులో ఎవరైనా పుస్తకం రాస్తామంటే నాకు ముందు సంతోషమే కలుగుతుంది కనుక, ఆ సంతోషం చెప్పాకే అభ్యంతరాల జోలికి వస్తాను. భాష బాగుంది, శ్రద్ధ కనిపిస్తోంది. అయినా మూడో అధ్యాయం దాటేసరికి నాకు ఆవలింతలు వచ్చాయి. అందులో నీ తప్పు సగమే, మిగతా సగం నువ్వు ఎంచుకున్న మనిషిది.

1977 ఆగస్టు 26న బెర్లిన్‌లో పశ్చిమ జర్మనీకి చెందిన హెరాల్డ్ ష్మిడ్ చేతిలో ఓడిన తరువాత, 1987 జూన్ 4న మాడ్రిడ్‌లో డానీ హ్యారిస్ చేతిలో మళ్లీ ఓడేదాకా, అంటే తొమ్మిదేళ్ల తొమ్మిది నెలల తొమ్మిది రోజుల పాటు, 400 మీటర్ల హర్డిల్స్‌లో మోజెస్‌ను దాటినవాడు లేడు. ఆ కాలంలో ఆయన వరసగా 122 పందేలు గెలిచాడు. వాటిలో ఫైనల్స్ 107. (నువ్వు ఒకచోట 122 ఫైనల్స్ అని రాశావు. అది హీట్స్, అంటే ఫైనల్‌కు ముందు జరిగే వడపోత పరుగులు కూడా కలిపిన లెక్క, దిద్దుకో.) ఇంత గెలుపు ఆటగాడికి ఎంత వరమో, ఆయన కథ రాసేవాళ్లకు అంత గండం. ఫలితం ముందే తెలిసిపోయిన పాఠకుడు ‘మళ్లీ గెలిచాడు’ అన్న వాక్యం మూడోసారి కనబడగానే పుస్తకం మూసి పక్కన పెడతాడు. నువ్వు ఆ లోటును విశేషణాలతో పూడ్చాలని చూశావు. మొదటి పందెంలోనే చిరుతనూ మెరుపునూ పెనుగాలినీ వాడేసుకున్నావు, పదో పందేనికి నీ దగ్గర ఏమీ మిగల్లేదు. గెలుస్తాడా లేదా అన్న ప్రశ్నను ఈ పుస్తకంలోంచి పూర్తిగా తీసెయ్యి. ఎలా గెలుస్తున్నాడు, పక్క లేన్లలో పరిగెత్తినవాళ్లు ఎవరు అన్న ప్రశ్నలకే ఇక్కడ ప్రాణం ఉంది.

ఎలా అన్నదానికి జవాబు అంగల లెక్కలో ఉంది. ‘హర్డిల్స్ మధ్య ఆయన 13 అంగలే వేసేవాడు’ అని నువ్వు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయావు. నా దృష్టిలో అది ఒక పూర్తి అధ్యాయం. పాఠకుడికి ముందు ట్రాక్ చూపించు. ఒక చుట్టు, పది హర్డిల్స్, మగవాళ్లకు ఒక్కొక్కటి 91.4 సెంటీమీటర్ల ఎత్తు, అంటే మన లెక్కలో మూడడుగులు. బయలుదేరిన చోటి నుంచి మొదటిదానికి 45 మీటర్లు, ఆపైన ప్రతి రెండింటి మధ్య 35, చివరిది దాటాక గీత దాకా 40. ఆ 35లో, గాలిలోకి లేచే చోటి నుంచి హర్డిల్ దాటి కాలు ఆనే చోటు దాకా పోయే దూరాన్ని తీసేస్తే, నేల మీద పరిగెత్తవలసింది దాదాపు ముప్ఫై ఒకటిన్నర మీటర్లు. ఈ అంకె కోనసీమ పాఠకుడి కంటికి ఆనాలంటే అతణ్ని కొబ్బరితోటలోకి తీసుకుపో. వరసలో చెట్టుకూ చెట్టుకూ 25 అడుగుల ఎడం ఉన్న తోటలో మొదటి చెట్టు దగ్గర బయలుదేరి, అయిదో చెట్టు దాటి ఇంకో మూడడుగుల దూరం పోతే ఆ దూరం వస్తుంది. దాన్ని 13 అంగల్లో ముగించాలంటే ఒక్కో అంగ ఇంచుమించు ఎనిమిది అడుగులు పడాలి. 15 అంగలు వేసేవాడికి ఏడడుగులు చాలు.

అంగల సంఖ్యకు అంత పట్టింపు ఎందుకో కూడా విడమరిచి చెప్పు. బేసి సంఖ్యలో అంగలు వేసేవాడు ప్రతి హర్డిల్‌నూ ఒకే కాలు ముందుంచి దాటగలడు. 14 వేస్తే ఒక హర్డిల్‌కు ఎడమ కాలు, తరువాతి దానికి కుడి కాలు ముందుకు వస్తాయి, రెండు కాళ్లతోనూ సమానమైన పొంకంతో దాటగలిగేవాళ్లు తక్కువ. అందుకే చాలామంది మొదటి హర్డిల్స్ 13తో లాగించి, కాళ్లు బరువెక్కాక 14కో 15కో మారతారు, ఆ మారే చోట వేగం కొంత చచ్చిపోతుంది. వంపులో ఇంకో చిక్కు ఉంది. ఎడమ కాలు ముందు వేసేవాడు లేన్ లోపలి అంచుకు దగ్గరగా పరిగెత్తి దూరం మిగుల్చుకోవచ్చు, కుడి కాలు ముందు వేసేవాడు అదే పని చేయబోతే వెనక వచ్చే ఎడమ కాలు హర్డిల్ మీది నుంచి కాక పక్క నుంచి కిందుగా పోయి, పోటీ నుంచే తొలగించబడే ప్రమాదం ఉంది. ఇంత తెలిశాక, మోజెస్ తొమ్మిది ఖాళీల్లోనూ 13 వేశాడని, అంటే ఆ ఖాళీల్లో మొత్తం 117 అంగలని, ఆఖరి వంద మీటర్లలో అందరి అంగలూ కురచబడిపోయే వేళ కూడా ఆయన లెక్క మారలేదని చెప్పి చూడు. పాఠకుడు తనంతట తానే ఆశ్చర్యపోతాడు, నీ చిరుతపులి అక్కర్లేదు.

ఈ అధ్యాయం రాసేముందు మీ ఊరి హైస్కూలు డ్రిల్లు మాస్టారి దగ్గరకు వెళ్లు. 35 మీటర్లకొకటి చొప్పున నాలుగైదు చోట్ల వెదురు కర్రలు మోకాటి ఎత్తున కట్టించి, బాగా పరిగెత్తే పిల్లవాణ్నో పిల్లనో పరిగెత్తమని అడుగు. వానలు పడ్డాక మన ఒండ్రు నేల మడమలు పట్టేస్తుంది కనుక నేల ఆరి ఉన్నప్పుడే ఆ పని చెయ్యి. నువ్వు గట్టున కూర్చోకు, మూడో కర్ర పక్కన నిలబడు. కర్ర దగ్గరపడుతుండగా ఆ పిల్లవాడి చూపు దాని మీదికి దిగుతుంది, అంగలు రెండు మూడు గబగబా చిన్నవవుతాయి, నడుము పైకి లేస్తుంది, దాటడం పోయి గంతు వేయడం అవుతుంది, అవతల రెండు కాళ్లూ ఇంచుమించు ఒకేసారి నేలకు తగిలి, మళ్లీ మొదటి నుంచి పరుగు అందుకోవలసి వస్తుంది. మోజెస్ ఏం చేశాడో పుస్తకాల్లో దొరుకుతుంది. ఆయన చేయకుండా ఉన్నది ఏమిటో మాత్రం ఇలా దగ్గర నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

బాల్యం గురించి ఒక మాట. అమెరికాలోని డేటన్ ఊళ్లో, వాళ్ల ఇంట్లో తల్లి కొడుకుతో అన్న మాటలని నువ్వు అరపేజీ సంభాషణ రాశావు. ఆ వంటింట్లో నువ్వు లేవు, కొట్టెయ్యి. నీ చేతిలో ఉన్న నిజాలే అంతకంటే గట్టివి. తలిదండ్రులిద్దరూ చదువు చెప్పే వృత్తిలో ఉన్నవాళ్లు. పిల్లవాడు పరుగు కోసం కాక చదువు కోసం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీలో చేరి భౌతికశాస్త్రం చదివాడు. ఆ కాలేజీకి సొంత ట్రాక్ లేదు, ఊళ్లోని హైస్కూలు ట్రాకుల మీద సాధన చేశాడు. 1976 మార్చికి ముందు ఆయన 400 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తింది ఒకే ఒక్కసారి. ఆ జూలైలో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 47.64 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టి స్వర్ణం అందుకున్నాడు, రెండో స్థానంలో వచ్చిన మైక్ షైన్ సమయం 48.69. సొంత ట్రాక్ లేని కాలేజీ ఎలా ఉంటుందో మన జిల్లాల పాఠకుడికి ఎవరూ వర్ణించి చెప్పనక్కర్లేదు, ఆ వాక్యాన్ని నీ అధ్యాయంలో మొదటికి తెచ్చి పెట్టు.

నీ రాతలో నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచింది మాస్కో ఒలింపిక్స్ ప్రస్తావన. 1980లో అమెరికా బహిష్కరణ వల్ల మోజెస్‌కు దక్కవలసిన పతకం ఎవరో ఎగరేసుకుపోయినట్టు రాశావు. ఆ ఎవరో తూర్పు జర్మనీకి చెందిన ఫోల్కర్ బెక్, వచ్చినవాళ్లతో పరిగెత్తి 48.70తో న్యాయంగా గెలిచాడు. ఆ క్రీడలకు కొద్దిరోజుల ముందే, జూలై 3న మిలాన్‌లో మోజెస్ 47.13తో తన ప్రపంచ రికార్డును తానే తిరగరాశాడు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఊరుకో, నిట్టూర్పు పాఠకుడే విడుస్తాడు. అయితే అక్కడితో ఆగితే కథ సగమే చెప్పినట్టు. మాంట్రియల్‌లో మోజెస్ బద్దలు కొట్టిన 47.82 రికార్డు ఎవరిది? 1972 మ్యూనిక్‌లో స్వర్ణం గెలిచిన ఉగాండా పోలీసు జాన్ అకీ-బువాది. ఆఫ్రికా దేశాల బహిష్కరణ వల్ల ఆయన మాంట్రియల్ పందెంలో పరిగెత్తనే లేదు. నాలుగేళ్ల తేడాతో అదే రాజకీయం ఒకసారి మోజెస్ ఎదుటివాణ్ని తప్పించింది, ఇంకోసారి మోజెస్‌నే తప్పించింది. ఈ సంగతులు రెండూ నీ పుస్తకంలో ఎనభై పేజీల దూరాన ఉన్నాయి. వాటిని ఒకే అధ్యాయంలోకి తీసుకురా. అభిమాని రాసిన పుస్తకానికీ రచయిత రాసిన పుస్తకానికీ తేడా పాఠకుడికి అక్కడ తెలుస్తుంది.

ష్మిడ్‌ను కూడా ‘ఓడించినవాడు’ అన్న ఒక్క మాటతో వదిలెయ్యకు. పదేళ్లు ఆయన మోజెస్ వెనకాలే ఉన్నాడు. 1984 లాస్ ఏంజెలిస్‌లో మోజెస్ 47.75తో స్వర్ణం గెలిస్తే, అప్పటికి పద్ధెనిమిదేళ్ల కుర్రవాడైన హ్యారిస్ 48.13తో రెండోవాడు, ష్మిడ్ 48.19తో మూడోవాడు. మూడేళ్ల తరువాత మోజెస్ గెలుపుల వరసను తెంపింది ఆ కుర్రవాడే. అన్నట్టు, ఆ లాస్ ఏంజెలిస్ ప్రారంభోత్సవంలో ఆటగాళ్లందరి తరఫున ప్రమాణం చేస్తూ మోజెస్ మాటలు మరిచిపోయి తడబడ్డాడు. నువ్వు గౌరవం కొద్దీ దాన్ని వదిలేశావని అనుకుంటాను. తిరిగి చేర్చు. అడుగడుగూ లెక్కపెట్టి పరిగెత్తే మనిషి స్టేడియం నిండా జనం ముందు మాట మరిచిపోవడం ఆయన్ను తక్కువ చేయదు, పుస్తకంలో నీ విశేషణాలన్నిటికంటే ఎక్కువ పని చేస్తుంది.

పుస్తకాన్ని మాడ్రిడ్ ఓటమితో ముగిస్తానని ఉత్తరంలో రాశావు. నాటకానికి బాగుంటుంది గానీ నిజానికి అడ్డు వస్తుంది. మాడ్రిడ్ తరువాత మూడు నెలలు తిరగకుండానే రోమ్ ప్రపంచ పోటీల్లో మోజెస్ 47.46తో గెలిచాడు, హ్యారిస్, ష్మిడ్ ఇద్దరికీ 47.48. సెకనులో రెండు నూరోవంతుల్లో ముగ్గురు మనుషులు. నీ పుస్తకంలో గెలుపు ఊపిరి బిగబట్టి చదివించగల పందెం ఇదొక్కటే, నువ్వు దాన్నే వదిలేస్తానంటున్నావు. ఇక 1988 సియోల్‌లో ఆండ్రే ఫిలిప్స్ 47.19తో, సెనెగల్‌కు చెందిన అమడూ డియా బా 47.23తో ముందు వెళ్లిపోగా మోజెస్ 47.56తో కాంస్యం అందుకున్నాడు. ఇప్పుడు వెనక్కి తిరిగి మాంట్రియల్ 47.64నూ లాస్ ఏంజెలిస్ 47.75నూ చూడు. రెండు స్వర్ణాలు తెచ్చిన పరుగుల కంటే, మూడో స్థానంలో వచ్చిన ఆ పరుగే వేగమైనది. ఒక మనిషి ముసలివాడయ్యాడని రాయడం సులువు, ఆయన వల్ల ఆ పందెమే వేగం పుంజుకుందని రాయడానికి ఈ అంకెలు కావాలి. 1983లో కొబ్లెంజ్‌లో తన 28వ పుట్టినరోజున ఆయన పెట్టిన 47.02 రికార్డు 1992 దాకా నిలిచింది, బార్సిలోనాలో దాన్ని 46.78కి దించిన కెవిన్ యంగ్ కొన్ని ఖాళీల్లో 12 అంగలే వేశాడు. అంగల అధ్యాయానికి అదొక కొసమెరుపు. ఆ తరువాతి జీవితాన్ని, మంచు మీది బాబ్‌స్లే పోటీలనూ డోపింగ్ మీద చేసిన పోరాటాన్నీ, క్లుప్తంగా చెప్పు. డోపింగ్ సంగతికి మాత్రం రెండు పేజీలు ఎక్కువ ఇచ్చినా ఫరవాలేదు.

ఉష విషయంలో నీ తడబాటు నాకు అర్థమైంది. అదే లాస్ ఏంజెలిస్‌లో, మగవాళ్ల ఫైనల్ అయిన మూడో రోజున, ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారిగా పెట్టిన ఆడవాళ్ల 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష 55.42తో నాలుగో స్థానంలో వచ్చింది, కాంస్యం గెలిచిన రుమేనియా అమ్మాయి సమయం 55.41. నువ్వు దీన్ని దేశభక్తి కోసం ఒక పేరా చేసి మధ్యలో ఇరికించావు. ఆ పేరా దగ్గరకు వచ్చిన మన పాఠకుడు మోజెస్‌ను మరిచిపోయి ఉషతో వెళ్లిపోతాడు, మళ్లీ నీ దగ్గరకు రాడు. ఇస్తే ఆమెకు పూర్తి అధ్యాయం ఇవ్వు, లేదంటే ఒక్క వాక్యంతో సరిపెట్టు. నన్నడిగితే అధ్యాయమే ఇవ్వమంటాను.

ఇవాళ్టి కుర్రకారుకు హర్డిల్స్ అంటే మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీయే గుర్తుకు వస్తుంది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా స్వర్ణం గెలిచి, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన ఆమె పందెం 100 మీటర్లది. అక్కడ హర్డిల్స్ మధ్య ఎనిమిదిన్నర మీటర్లే, మూడే అంగలు, వంపు లేదు, అలసట లెక్క వేరు. ఈ తేడా మొదటి పది పేజీల్లోనే చెప్పకపోతే సగంమంది పాఠకులు తప్పు పందాన్ని ఊహించుకుంటూ చదువుతారు.

ముందు అంగల అధ్యాయం తిరగరాసి పంపు, మిగతావి దాని తరువాత చూద్దాం. ఫోనులో పంపకు, ఆ చిన్న అక్షరాలు నా కంటికి ఆనవు. కాగితం మీద తీయించి, వరసల మధ్య ఎడం ఉంచి, ఎడమ పక్క నా రాతకు బాగా చోటు వదిలి, ఈసారి మీ నాన్నగారు వచ్చేటప్పుడు ఆయన చేతికి ఇచ్చి పంపించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు