కప్ప గుండెలో మూడు గదులే అయితే మంచి రక్తం, చెడ్డ రక్తం కలిసిపోవా?

"రెండూ కలిసిపోతే కప్ప ఎలా బతుకుతుంది?" అని కూడా అడిగారు. బతకడం దాకా ఎందుకండీ, దాని గుండెను ఒంట్లోంచి తీసి ఉప్పునీళ్ళలో వేసినా కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. నేను కళ్ళారా చూశాను. 1993లో, నెల్లూరులో బీఎస్సీ బీజెడ్‌సీ చదివేటప్పుడు మా మేడమ్ గాజు గిన్నెలో వేసి చూపించారు. పదహారు మందిమి కిక్కురుమనకుండా నిలబడ్డాం. కొట్టుకోమని మెదడు చెప్పక్కర్లేదు, గుండె వెనక సిరాసరణి అనే సంచి ఉంటుంది, లయ అక్కడే పుడుతుంది.

ఇక కలిసిపోయే సంగతి. పైన కర్ణికలనే గదులు రెండు, కింద జఠరిక అనే గది ఒక్కటే, అది నిజమే. కానీ ఆ జఠరిక లోపల బోసిగా ఉండదు, స్పాంజిలా గుంటలు గుంటలుగా ఉంటుంది. అక్కడి నుంచి బయటికి పోయే గొట్టంలో మెలితిరిగిన కవాటం ఒకటి ఉంటుంది. అందుకే మనం భయపడినంతగా రక్తం కలవదు. పైగా కప్ప చర్మంతో కూడా గాలి పీల్చుకుంటుంది. అలా చర్మం దగ్గర శుభ్రపడిన రక్తం వచ్చి చేరేది కుడి కర్ణికకే. కుడిది చెడ్డ రక్తం, ఎడమది మంచి రక్తం అని మనిషి బొమ్మ పక్కన పెట్టుకుని కప్పకి మార్కులు వేస్తే ఎట్లా? నాలుగు గదులున్న మనవాళ్ళు స్టెంట్ల కోసం మద్రాసు పోతున్నారు, ఆ సంగతి ఎవరూ అడగరు.

మీరు అడిగింది గుండె గురించే గానీ, నాకు కప్ప అనగానే గుర్తొచ్చేది దాని కడుపు.

నవంబరు నెల, ముసురు. ల్యాబ్‌లో కరెంటు లేదు. అటెండర్ తడి గోతం ఒకటి తెచ్చి బల్ల కింద పడేస్తే లోపల ఒకటే కదలిక. క్లోరోఫాం వాసన, దానికి తోడు గోతం వాసన. మత్తిచ్చిన కప్పని మైనం ట్రేలో వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు కాళ్ళకీ పిన్నులు గుచ్చాను. చర్మం పట్టకారుతో ఎత్తి కత్తిరిస్తే ఇట్టే లేచొచ్చింది. కప్ప చర్మం ఒంటికి అతుక్కుని ఉండదు, అన్న చొక్కా తమ్ముడికి తొడిగినట్టు వదులుగా ఉంటుంది. దాని కింద పొట్ట కండరం, ఆ కండరం మధ్యలో నిలువుగా నల్లటి గీత. అది సిర. దాన్ని తప్పించి పక్క నుంచి కోయాలని మేడమ్ మూడుసార్లు చెప్పారు. నేను సరిగ్గా దాని మీదే కత్తెర పెట్టాను. ట్రే అంతా ఎర్రగా అయిపోయింది.

"ఏం పాపా, కప్పని కోస్తుండావా, కోడిని కోస్తుండావా?" అన్నాడు అటెండర్. ఇప్పటికీ ఆదివారం చికెన్ కడిగేటప్పుడు ఆ మాట చెవిలో పడుతుంది.

నీళ్ళు పోసి కడిగాక ఒక్కొక్కటీ బయటపడ్డాయి. గోధుమ రంగు కాలేయం, దాన్ని అంటిపెట్టుకుని పచ్చటి గోళీలా పిత్తాశయం. పసుపు రంగులో వేళ్ళలా కొవ్వు దేహాలు. తిండి దొరకని ఎండాకాలం మట్టిలో దూరి పడుకుంటుంది కదా, అప్పటికి అదే దాని గాదె. జీర్ణాశయం మాత్రం ఉబ్బిపోయి గట్టిగా తగిలింది. కోసి చూద్దును కదా, లోపల ఎండ్రకాయ! కాళ్ళు ముడుచుకుని దాదాపు మొత్తంగా ఉంది. రెండు మిడతలు, ఇంకో చిన్న కప్ప కాలు కూడా ఉన్నాయి. కప్పకి పై దవడలో సన్నటి పళ్ళున్నా అవి పట్టుకోడానికే, నమలడానికి కాదు. మింగేటప్పుడు దాని కళ్ళు లోపలికి దిగి తిండిని గొంతులోకి నెడతాయి.

సాయంత్రం బుచ్చిరెడ్డిపాళెం బస్సెక్కి ఇంటికి పోయి నాయనకి చెప్పాను. పాపం అని తిడతాడేమో అనుకున్నా. ఆయన ఎండ్రకాయ దగ్గరే ఆగిపోయాడు. "గట్లకి బొక్కలు పెట్టి నీళ్ళన్నీ పక్క చేలోకి పోగొట్టేది అదేగా మే! దాన్ని తినేదాన్ని పట్టకపోయి కోస్తారా? మీ కాలేజీకి ఇంకేం దొరకలా?" అన్నాడు. కనిగిరి రిజర్వాయర్ కాలువ కింద మాకు మూడెకరాలుండేది. గట్టు నీళ్ళ మీద ఆయన ఆడని పంచాయితీ లేదు.

ఆ రోజు నుంచి నాది ఒకటే మాట. వరిచేనుకి కప్పను మించిన పురుగుమందు లేదు. కప్ప కాళ్ళ ఎగుమతిని 1987లో మన దేశం ఆపేసింది, సంతోషం. మరి మందు కొట్టడం ఎవరు ఆపారు? ఊపిరికీ నీళ్ళకీ చర్మాన్నే వాడుకునే ప్రాణి అది, చేలో పిచికారీ చేసింది నేరుగా ఒంట్లోకే పోతుంది. మా కాలువలో కప్పలు తగ్గింది అందుకే, ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను. మా తమ్ముడు కాదు, రొయ్యల గుంటల వల్ల అంటాడు. వాడికి రొయ్యల గుంటలు లేవు, ఐదెకరాల వరి ఉంది. ఇంకేమంటాడు?

డిగ్రీ ల్యాబుల్లో కోతలు మానేయమని కాలేజీల పైనుండే యూజీసీ 2014లో చెప్పింది. ఆ గోతం గుర్తొస్తే మంచిపనే అనిపిస్తుంది. కానీ మా అక్క కూతురు నీట్ కోచింగ్‌లో కప్పను బిట్లుగా మింగింది. కపాల నాడులు పది జతలు, గుడ్లు 2500 నుంచి 3000, టకటకా చెప్పేస్తుంది. కప్ప జీర్ణాశయంలో ఏముంటుందే అని అడిగితే "హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పిన్నీ" అంది.

నేనేమీ తక్కువ తినలేదు లెండి. ప్రాక్టికల్ పరీక్షలో ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన పెద్దాయన "కప్ప నీళ్ళు ఎలా తాగుతుందమ్మా?" అని అడిగారు. "నాలుకతో సార్" అన్నాను. అడక్కపోయినా ఆ నాలుక నోటి ముందుభాగంలో అతుక్కుని, వెనక చివర రెండుగా చీలి ఉంటుందని కూడా చెప్పాను. ఆయన నవ్వి, "అది తాగదమ్మా, కూర్చుంటుంది" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆ వేసవిలో మా మోటారు షెడ్డు దగ్గర, పైపు కారే చోట తడిమట్టిలో ఒక కప్ప కనిపించింది. తొడలు వెడల్పు చేసి, పొట్ట నేలకి ఆనించి, నోరు మూసుకుని కూర్చుంది. చాలాసేపటిదాకా అది కదల్లేదు, నేనూ కదల్లేదు. నాయన కేకేస్తే లేచాను.