ఈమధ్య చదివిన హారర్ కామిక్స్, చారిత్రక నవలల్లో మీకు బాగా నచ్చినవి ఏవి?

ఈ వేసవిలో మూడు పుస్తకాలు పూర్తిచేశాను. ఒకటి జపాన్ హారర్ కామిక్, మిగతా రెండూ తెలుగు చారిత్రక నవలలు. ముందుగా కామిక్ గురించే చెప్తాను, ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

జున్‌జి ఇటో కథా బొమ్మలూ రెండూ తనే చేసిన 'ఉజుమాకి'. ఇంటర్ చదివే మా మేనకోడలు "రాత్రిపూట మాత్రం తీయకు మామయ్యా" అని చెప్పి మరీ ఇచ్చింది. 1998-99లో జపాన్‌లో సీరియల్‌గా వచ్చిన కథ, మొత్తం కలిపితే ఆరువందల పేజీలు దాటుతుంది. ఉజుమాకి అంటే సుడి. సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరిని సుడి ఆకారం పట్టి పీడిస్తుంది. పగబట్టిన దయ్యం కథ కాదిది.

మనకి సుడి అంటే అదృష్టం కదా. "వాడికి సుడి ఉందిరా" అంటాం. పిల్లాడి నెత్తిమీద రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లంటాం. వేళ్ల కొసల మీద శంఖాలెన్ని, చక్రాలెన్ని అని చిన్నప్పుడు లెక్కపెట్టుకున్నాం. అందుకే ఈ కథ నాకు ఎక్కడో దగ్గరగా తగిలింది. షూయిచి అనే కుర్రాడి తండ్రి సుడుల పిచ్చిలో పడి చనిపోతాడు. అది చూసిన తల్లికి సుడి అంటేనే వణుకు. జుట్టు తీసేసుకుంటుంది. వేలిముద్రల్లో సుడులున్నాయని వేళ్ల కొసలు కోసుకుంటుంది. ఆస్పత్రిలో ఆమెని కాపాడుకుంటున్న కొడుక్కి మాత్రం ఒక సంగతి తెలుసు. చెవి లోపల ఇంకో సుడి ఉంది. బడిలో మనం కర్ణావర్తం అని చదువుకున్నది అదే. అది అమ్మకి తెలియకుండా చూడాలని ఆ పిల్లాడి తాపత్రయం. అక్కడ నాకు భయం కంటే ఏడుపు ఎక్కువ వచ్చింది. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు డాక్టర్ చెప్పిన మాట ఆమె చెవిన పడకుండా నేను పడ్డ టెన్షన్ గుర్తొచ్చింది.

ఇటో ఈ రంగంలోకి రాకముందు కట్టుడు పళ్లు తయారుచేసే డెంటల్ టెక్నీషియన్. శరీరాన్ని అంత దగ్గరగా, అంత ఓపికగా గీయడం ఆ పనిలోంచే వచ్చిందని నాకనిపిస్తుంది. ఒళ్లు జలదరించే బొమ్మని పేజీ తిప్పాకే చూపిస్తాడు, కాబట్టి వీలైతే అచ్చు పుస్తకమే చదవండి. కుడి నుంచి ఎడమకి చదవాలి, పది పేజీల్లో అలవాటైపోతుంది. లోపాలు లేవని కాదు. మధ్యలో కొన్ని అధ్యాయాలు విడి కథల్లా ఉంటాయి. వానొస్తేనే బడికొచ్చే కుర్రాడు నత్తగా మారే కథ బాగుంది కానీ, ప్రసూతి వార్డులో జరిగే దోమల కథ నాకు వెగటు పుట్టించింది. కడుపుతో ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు.

మన తరానికి మొదటి భయం చందమామలో శంకర్ గారు గీసిన బేతాళ కథల బొమ్మ. భుజం మీద శవం, చేతిలో కత్తి. కానీ విక్రమార్కుడి నడకలో బెరుకు ఉండదు, అది చూసి మనమూ ధైర్యం తెచ్చుకునేవాళ్లం. ఇటో పుస్తకంలో అలా ఆసరా ఇచ్చే మనిషి ఒక్కరూ దొరకరు.

ఇక నవలలు. తెన్నేటి సూరి 'చెంఘిజ్ ఖాన్' నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. తండ్రి విషానికి బలై, సొంత తెగే వదిలేసి పోతే, ఆకలితో పెరిగిన పిల్లాడు టెమూజిన్. తర్వాత చెంఘిజ్ ఖాన్ అయింది అతనే. ప్రపంచమంతా రాక్షసుడన్న మనిషి వైపు నిలబడి కథ చెప్పడానికి చాలా గుండె కావాలి. చదువుతున్నంతసేపూ నేనూ అతని వైపే ఉన్నాను. పుస్తకం మూశాక చరిత్రలో అతని సేనలు 1220లో బుఖారా, 1221లో నిషాపూర్ నగరాల మీద పడి జనాన్ని చంపిన సంగతి చదివాను. ఆ ఊళ్లలో చచ్చిపోయిన వాళ్లకీ తల్లులున్నారు. నవల మీద ఇష్టం తగ్గలేదు, కానీ ఈ రెండూ కలిపే చదవాలని గట్టిగా చెప్తాను.

అడవి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' కాకతీయ రుద్రమదేవి కాలం నాటి కథ. బాపిరాజు గారు చిత్రకారుడు కూడా. నగలు, చీరలు, గుర్రాలు అన్నీ కుంచెతో అద్దినట్టు రాస్తారు. వర్ణనలు ఎక్కువై కథ ఆగిపోయినట్టనిపించే చోట్లున్నాయి, ఓపిక పట్టండి. చదివాక వరంగల్ కోటకి వెళ్లాను. ఇంతకుముందు కూడా ఆ కీర్తి తోరణాలు చూశాను గానీ, ఈసారి వాటి కింద చాలాసేపు కూర్చుండిపోయాను. ఆడపిల్లగా పుట్టి, శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని రాయించుకోవాల్సి వచ్చిన మనిషి తిరిగిన నేల అది.

నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయిన సంగతి మనకి తెలిసింది దానివల్లే. ఆమె చివరి రోజుల మీదే నడిచే నవల మీకేదైనా తెలిస్తే కింద పేరు రాయండి, వెంటనే తెప్పించుకుంటాను.