ఇంకు బుడ్డిలో బూజు, వడకట్టి వాడుకోవచ్చా?

వడకట్టొద్దు. నేను ఆ పని చేసే ఒక బుడ్డిలోని బూజును రెండో బుడ్డికీ, మూడు పెన్నులకీ అంటించుకున్నాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. మీది రెండేళ్ల కిందట తెరిచిన నీలం ఇంకు, సగం వాడారు, ఇప్పుడు పైన తెల్లటి పోగుల్లాంటివి తేలుతున్నాయి, పలుచని గుడ్డలో వడగట్టి పోసుకుంటే పెన్నుకేమైనా అవుతుందా అని కదా అడిగారు.

ముందు అది బూజేనా అని చూసుకోండి. ఒక టూత్‌పిక్‌తో ఆ తేలేదాన్ని మెల్లగా పైకి లాగండి. బూజైతే తెగకుండా సాగుతూ, జిగటగా వేలాడుతూ వస్తుంది, దాన్ని తెల్ల టిష్యూ మీద పెడితే ఇంకంతా కాగితం పీల్చుకున్నాక బూడిద రంగు ముద్ద ఒకటి మిగులుతుంది. సాలెగూడుకీ దీనికీ మనవాళ్లు బూజు అని ఒకటే మాట ఎందుకు వాడారో ఆ పుల్ల చివర చూస్తే తెలుస్తుంది. మూత లోపలి బిళ్ల కిందా, బుడ్డి మెడ దగ్గరా కూడా చూడండి, చాలాసార్లు మొదలయ్యేది అక్కడే. ముక్కిపోయిన బియ్యం వాసన వస్తే ఇక అనుమానం అక్కర్లేదు. అలాగని ముక్కు బుడ్డిలో పెట్టి పీల్చకండి, ఆస్తమా ఉన్నవాళ్లయితే అసలు వద్దు.

అలా కాకుండా అడుగున పొడిలా పేరుకుని, ఊపితే కలిసిపోయి, కాసేపటికి మళ్లీ దిగితే అది మడ్డి. పిగ్మెంట్ ఇంకులకీ (నీళ్లలో కరగని రంగు పొడితో చేసేవి), మెరుపు పొడి కలిపిన ఇంకులకీ అది మామూలే. పాతకాలపు బ్లూబ్లాక్‌ల సంగతి వేరు. అందులో ఐరన్ గాల్ రకం ఉంటుంది, అంటే మన కరక్కాయ, అన్నభేది కలిపి చేసే సిరా లాంటిదే. గాలి తగిలేకొద్దీ అందులోని ఇనుము మారిపోయి నల్లటి రేణువులుగా అడుక్కి దిగుతుంది. అది బూజు కాదు గానీ పెన్నులో పోస్తే ఫీడు, అంటే పాళీ కింద ఉండి దానికి ఇంకు అందించే ముక్క, మూసుకుపోతుంది, కాబట్టి దాన్నీ వదిలేయడమే మంచిది. ఆ సిరాలో లవంగాలు వేసేవారని మా తాతగారు చెప్పేవారు. వాసన కోసమేమో అనుకునేవాణ్ని, తర్వాత తెలిసింది బూజు పట్టకుండా ఉండడానికని.

ఇక నా ఘనకార్యం. మాది కాకినాడ, వానాకాలం వస్తే బీరువాలోని తోలు బెల్టుకి కూడా బూజు పడుతుంది. నేను రాసేది రాజమండ్రి ఎబొనైటు (గట్టిపరిచిన రబ్బరు) పెన్నుతో, డ్రాపరుతో నేరుగా పెన్ను గొట్టంలోకే ఇంకు పోసుకునే రకం. అప్పట్లో వాడే ఇంకు మరీ చిక్కగా ఉండి త్వరగా ఆరేది కాదు, దాంతో ఓ రోజు కుళాయి నీళ్లు (మాది బోరు) రెండు మూతలు బుడ్డిలో కలిపేశాను. అది చాలదన్నట్టు, బస్సు ప్రయాణంలో లీకవుతుందని ఊరెళ్లేముందు పెన్నులో మిగిలిన ఇంకుని తిరిగి బుడ్డిలోనే పోసేవాణ్ని. ఏది పారేయాలన్నా ప్రాణం ఒప్పదు నాకు. ఆగస్టులో మూత తీస్తే మీరు చెప్పిన పోగులే. పాత పంచె ముక్కతో వడకట్టాను, చూడ్డానికి శుభ్రంగా అయింది. ఎందుకైనా మంచిదని నాలుగు చుక్కల డెటాల్ వేశాను (నవ్వుకోండి), డెటాల్ నీళ్లలో ఎలా తెల్లగా విరుగుతుందో ఇంకులోనూ అలాగే విరిగి పాలు కలిపిన నీలిమందులా తయారైంది. అది పారబోశాను సరే, కానీ అదే డ్రాపరుతో కొత్త బుడ్డిలోంచి పెన్ను నింపాను. మూడు వారాలు తిరక్కుండా కొత్త బుడ్డిలోనూ పోగులు.

మా ఆవిడ చూసి, "ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఇల్లు పీకి పందిరేస్తారు, మరి ఇదేమిటండీ?" అంది. జవాబు లేదు.

ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే. రంగు, తడి పట్టి ఉంచడానికి కొంచెం గ్లైకాల్ లాంటివి, వాటితోపాటు బూజు పట్టకుండా ఒక మందు. ఒకప్పుడు చాలావాటిలో ఫినాల్ వేసేవారు, పాత బుడ్డి మూత తీస్తే గుప్పుమనే ఆసుపత్రి వాసన దానిదే. అది విషం, చర్మాన్ని కాలుస్తుంది, అందుకని చాలామంది తయారీదారులు వేరే మందులకి మారారు. మీరు ఇంట్లో ఫినాల్ కలిపే ఆలోచన చేయకండి. అసలు విషయమేమిటంటే ఆ మందు ఆ బుడ్డిలోని ఇంకుకి సరిపడా కొలిచి వేసింది, మనం నీళ్లు పోస్తే అది పలచబడిపోతుంది. మూత తీసిన ప్రతిసారీ, తడి పాళీ ముంచిన ప్రతిసారీ బయటి బూజు బీజాలు లోపలికి వెళ్తూనే ఉంటాయి. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే అందులో రెండు మూడు ముక్కలంత ఉంటాయవి, గుడ్డ ఏం ఆపుతుంది చెప్పండి? పోగులు ఆగుతాయి, విత్తనం కిందికి దిగిపోతుంది. మరిగిస్తే ఎలా ఉంటుందనీ కొందరు అడుగుతారు. ఆ బూజు చావచ్చు, కానీ నీరావిరై ఇంకు చిక్కబడుతుంది, రంగూ మారొచ్చు, చల్లారాక మూత తీస్తే కథ మళ్లీ మొదటికే. వంద, రెండు వందల ఇంకు కోసం అంత అవస్థ దండగ.

బుడ్డి పారేసినా పెన్నుని వదలకండి. ఆ ఇంకు ఇప్పటికే పెన్నులో ఉంటే అంతా పారబోసి, పాళీ, ఫీడు బయటికి లాగి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన చల్లనీళ్లలో కొన్ని గంటలు నానబెట్టండి. వేడినీళ్లు వద్దు, నల్ల ఎబొనైటు గోధుమ రంగుకి తిరిగిపోతుంది, నా పెన్నొకటి అలాగే పోయింది. ఆ తర్వాత ఫీడుని మాత్రం ఒక వంతు బ్లీచుకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ఐదు నిమిషాలు ఉంచి, వాసన పోయేదాకా కడగండి. స్టీలు పాళీని అందులో వేయకండి, తుప్పు పడుతుంది. పెన్నులు కడగడానికి అమోనియా వాడే అలవాటుంటే ఆ రోజు దాని జోలికి పోవద్దు. బ్లీచు, అమోనియా కలిస్తే వచ్చే గ్యాసు ఊపిరితిత్తులకి ప్రమాదం. కన్వర్టరూ (కొన్ని పెన్నుల్లో ఇంకు పీల్చి పట్టి ఉంచే చిన్న గొట్టం), డ్రాపరూ కడుక్కుంటూ కూర్చోకండి, కొత్తవి కొనుక్కోండి.

ఇప్పుడు నేను బుడ్డిలో పాళీ ముంచడం పూర్తిగా మానేశాను. సూది లేని సిరంజితో కావలసినంత ఒక చిన్న సీసాలోకి తీసుకుని, పెన్నులు అందులోంచే నింపుతాను. పాడైతే ఐదు మి.లీ. పోతుంది, అంతే. బయటికి తీసింది తిరిగి వెనక్కి పోయను. పలచన చేయాల్సి వస్తే ఆ చిన్న సీసాలోనే, అదీ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో. బుడ్డి మీద తెరిచిన తేదీ రాస్తాను. ఇంకోటి, 60 మి.లీ. బుడ్డి చవకని కొనకండి. కన్వర్టరులో ఒక మి.లీ. కూడా పట్టదు, వారానికోసారి నింపినా ఆ బుడ్డి ఏడాది దాటుతుంది, రెండు మూడు రంగులు మార్చి వాడేవాళ్లకైతే ఎన్నేళ్లో. 30 మి.లీ. చాలు.

మీ బుడ్డి గాజుదైతే, అందంగా ఉంటే, కడిగి పదినిమిషాలు నీళ్లలో మరిగించి దాచుకోవచ్చు. మూత మాత్రం పారేయండి, లోపలి బిళ్ల సందులో ఏం మిగిలిందో కంటికి కనబడదు.