మలేరియా ఉన్నచోట పసిపిల్లలకు ఐరన్ మందు: మా పాప విషయంలో జరిగింది

మీ బాబుకు పదహారు నెలలనీ, హిమోగ్లోబిన్ 8.2 మాత్రమే ఉంటే డాక్టరుగారు ఐరన్ చుక్కల మందు రాశారనీ, ఈలోగా మలేరియా ఉన్న ప్రాంతాల్లో పిల్లలకు ఐరన్ ఇస్తే ప్రాణాపాయమంటూ వాట్సాప్‌లో వచ్చిన సందేశం చదివి సీసా మూత కూడా తీయలేదనీ రాశారు. సంక్రాంతికి, మలేరియా ఉండే పాడేరు దగ్గరున్న మీ అత్తగారి ఊరు వెళ్ళాల్సి ఉండటంతో ఏం చేయాలో తోచడం లేదన్నారు. నేను వైద్యురాలిని కాను. మన్యంలో మూడేళ్ళు ఉపాధ్యాయురాలిగా పనిచేసి విశాఖలోని పెందుర్తికి మారినప్పుడు ఇదే చిక్కు నాకూ ఎదురైంది, అప్పుడు నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదన్న ఆరాటంతో రాస్తున్నాను.

అప్పటికి మా పాపకు ఇరవై నెలలు. ముఖం పాలిపోయి, ఏ ఆటకూ ఓపిక లేక, గోడ సున్నం గీకి తినేది. ఇంటికి దగ్గరలోని ఒక క్లినిక్‌లో చూపిస్తే రక్తం తక్కువగా ఉందని ఐరన్ టానిక్ రాసిచ్చారు. మధ్యమధ్యలో జ్వరం వచ్చి పోతోందని నేను చెప్పాను గానీ, మేము కొండ ప్రాంతం నుంచి వచ్చామన్న సంగతి చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. టానిక్ మొదలుపెట్టిన పది రోజులకు రోజు విడిచి రోజు వణుకుతో జ్వరం వచ్చింది. మందే జ్వరం తెచ్చిందని నమ్మి సీసా పారేశాను. ఆ తరువాత మహారాణిపేటలో ఒక పిల్లల వైద్యురాలు రక్తపు పూత పరీక్ష చేయించి వైవాక్స్ మలేరియా అని తేల్చారు. ఈ రకం మలేరియా క్రిములు కాలేయంలో నెలల తరబడి దాగి ఉండి మళ్ళీ మళ్ళీ బయటపడతాయనీ, పాప జ్వరం టానిక్ కంటే ముందే మొదలైందనీ, రక్తం తగ్గడానికి ఆ జ్వరాలు కూడా ఒక కారణమేననీ ఆమె ఓపికగా వివరించారు.

మీకు వచ్చిన సందేశం పూర్తిగా అబద్ధం కాదు. టాంజానియాలోని పెంబా దీవిలో, మలేరియా ఏడాది పొడవునా తీవ్రంగా ఉండే చోట, మూడేళ్ళలోపు పిల్లలకు రక్తపరీక్ష లేకుండా అందరికీ రోజూ 12.5 మిల్లీగ్రాముల ఐరన్ (ఏడాదిలోపు వారికి అందులో సగం), దానితోపాటు ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూశారు. ఆసుపత్రి పాలు కావడం లేదా మరణించడం ఆ పిల్లల్లో 12 శాతం ఎక్కువగా కనిపించడంతో ఆ మందు ఇవ్వడం ముందే ఆపేశారు. 2006లో వెలువడిన ఆ ఫలితాలే ఇప్పటికీ ఇలా చేతులు మారుతున్నాయి. అయితే అదే అధ్యయనంలో కొందరు పిల్లలకు ముందుగా రక్తపరీక్షలు చేసి, మలేరియా వస్తే వెంటనే చికిత్స అందేలా చూశారు. వారిలో నిజంగా ఐరన్ లోపం ఉన్నవారికి మందు వల్ల హాని కాక మేలే జరిగింది. సందేశాలు పంపేవారు ఈ సగం వదిలేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే మీ బాబుకు పనికొచ్చే సగం అదే. మలేరియాను నివారించి, గుర్తించి, చికిత్స చేసే ఏర్పాట్లతో కలిపి ఐరన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది కూడా అందుకే.

జ్వరం ఉన్నప్పుడు ఎందుకు ఆగాలో కూడా ఆ వైద్యురాలే చెప్పారు. ఒంట్లో క్రిమి ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా విడుదల చేసి, పేగుల నుంచి ఐరన్ రక్తంలోకి చేరకుండా అడ్డుపడుతుంది. అప్పుడు మందు పోసినా చాలావరకు వృథా అవుతుంది. ఐరన్ నిల్వలు చూసే ఫెరిటిన్ పరీక్ష కూడా జ్వరంలో ఎక్కువ అంకె చూపి, లోపం లేనట్టు భ్రమ కలిగిస్తుంది. అందుకని ఆమె ముందు మలేరియాకు క్లోరోక్విన్ మూడు రోజులు, కాలేయంలో దాగిన క్రిములను చంపే ప్రైమాక్విన్, అది పడని వారిని ముందే గుర్తించే జీ6పీడీ అనే రక్తపరీక్ష చేయించాక, పద్నాలుగు రోజులు ఇచ్చి, పాప బాగా తేరుకుని మళ్ళీ రక్తపరీక్ష అయ్యాకే ఐరన్ మొదలుపెట్టించారు. రెండు నెలలకు హిమోగ్లోబిన్ 8.1 నుంచి 10.6కు వచ్చింది. మామూలు స్థాయి, అంటే 11, దాటాక కూడా నిల్వల కోసం మరికొంతకాలం ఇవ్వమన్నారు. ఐరన్ లోపంలో కనిపించే ఆ సున్నం తినే అలవాటు మాత్రం మందు మొదలైన మూడో వారంలోనే మానేసింది.

మీరు డాక్టరుగారిని తప్పక అడగవలసిన సంగతి మరొకటి ఉంది. మన్యం కుటుంబాల్లో సికిల్ సెల్, తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బులు ఉండే అవకాశం ఉంది. వాటి వల్ల రక్తం తగ్గినవారికి ఐరన్ అసలు మందు కాదు, కొందరిలో ఒంట్లో పేరుకుపోయి హాని చేస్తుంది. మీ వారి వైపు ఎవరికైనా తరచూ రక్తం ఎక్కించిన చరిత్ర ఉంటే దాచకుండా చెప్పండి.

మోతాదు గురించి నాకు తెలిసింది ఇది. చికిత్సకు సాధారణంగా బరువు కిలోకు రోజుకు 3 మిల్లీగ్రాముల అసలు ఐరన్ (సీసా మీద ఎలిమెంటల్ ఐరన్ అని రాసేది) లెక్కన ఇస్తారు. చుక్కల మందుకూ సిరప్‌కూ గాఢత వేరుగా ఉంటుంది కాబట్టి ఎన్ని మిల్లీలీటర్లో మీ సీసా చూపించి రాయించుకోండి. ఆశా కార్యకర్త వారానికి రెండుసార్లు పోసే ఒక మిల్లీలీటరు సిరప్ నివారణ కోసం ఇచ్చేది, 8.2 ఉన్న బిడ్డకు అది చాలదు. చికిత్స నడుస్తున్నప్పుడు అది కూడా పోయించాలా అని డాక్టరుగారినే అడగండి. మందు పడితే విరేచనం నల్లగా అవుతుంది, దానికి కంగారుపడకండి. సీసాను మాత్రం బాబుకు అందని ఎత్తులో పెట్టండి, ఒకేసారి ఎక్కువ తాగితే ఐరన్ పసిపిల్లలకు విషమే. పాలు ఎక్కువైతే అన్నం తినరు, కాబట్టి పాలు తగ్గించి పప్పు, గుడ్డు, మీరు తినేవారైతే మేక కార్జం మెత్తగా చేసి పెట్టండి, పైన కాస్త నిమ్మరసం పిండండి. బెల్లం ఒక్కటే సరిపోతుందన్న మాట నమ్మకండి.

ఇక పండుగ ప్రయాణం. బయల్దేరే ముందు బాబుకు జ్వరం లేకపోతే డాక్టరుగారి మాట ప్రకారం మందు మొదలుపెట్టండి, ఇటీవల జ్వరం వచ్చి పోయి ఉంటే మాత్రం ముందు మలేరియా పరీక్ష చేయించండి. మలేరియా దోమ రాత్రిపూట కుడుతుంది కాబట్టి మందు పూసిన దోమతెర మీవెంటే తీసుకువెళ్ళి, చీకటి పడగానే బాబును అందులోనే పడుకోబెట్టండి. అక్కడ జ్వరం తగిలితే ఆ రోజు ఐరన్ ఆపి, అదే రోజు ఆశా కార్యకర్త దగ్గర గానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ వేలి రక్తంతో పరీక్ష చేయించండి. ఊరి నుంచి తిరిగి వచ్చాక వారాలు, నెలలు గడిచి విశాఖలో జ్వరం వచ్చినా, మీరు పాడేరు వెళ్ళివచ్చిన సంగతి డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి. నేను చెప్పకుండా వదిలేసింది అదే.