రేడియో ముచ్చట్లు: మీ ప్రశ్న, నా జవాబు

ప్రశ్న: వెనకటి రోజుల్లో హ్యామ్ రేడియోవాళ్లు (సరదా కోసం సొంత రేడియో సెట్లతో మాట్లాడుకునేవాళ్లు) ఒకరినొకరు బాగా ఆటపట్టించుకునేవాళ్లట. ఎట్లా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందుగా చెప్పుకోవాల్సింది స్లిమ్ అనేవాడి కథ, తల్లీ. 1970 ప్రాంతంలో ‘8ఎక్స్8ఏ’ అనే గుర్తింపు పేరుతో, అంటే కాల్‌సైన్‌తో, క్రే అనే దీవి నుంచి మాట్లాడుతున్నానన్నాడు. అసలా దీవే లేదు! పైగా 8టి నుంచి 8వై దాకా కాల్‌సైన్ల వరుస మన దేశానికి కేటాయించినది. కొత్త చోటు దొరికితే క్యూఎస్ఎల్ కార్డు (మాట్లాడినట్టు రుజువుగా అవతలివాళ్లు పంపే కార్డు) వస్తుందని హ్యామ్‌లకు ఎంత ఆశో! ఇప్పటికీ దొంగ కాల్‌సైన్ వాడేవాడిని ‘స్లిమ్’ అనే అంటారు. ఆ ఆశతో ఆడుకోవడం నాకు నచ్చదు.

మా చిత్తూరు స్నేహితుల సరదా వేరు. పక్కవీధివాడు రాత్రిపూట 7 మెగాహెర్ట్జ్‌లో పవరు బాగా తగ్గించి, సన్నగా మోర్స్ (చుక్కలు, గీతల సంకేతాలు) కొట్టేవాడు. ఏ సముద్రాల అవతలి నుంచో వస్తోందనుకుని మేం చెవులు రిక్కించాలని వాడి ఎత్తు. నేను ముందు ఏరియల్ వైరు పీకేసేవాణ్ని. దూరపు సిగ్నల్ దాదాపు మాయమైపోతుంది, పక్కవీధిది అప్పుడూ వినిపిస్తుంది. పైగా మోర్స్ కొట్టే చెయ్యి కూడా గొంతులాంటిదే. గీతలు అట్లా సాగదీసేది మాలో వాడొక్కడే. వెంటనే వాడి అసలు కాల్‌సైన్‌తో పలకరించేవాణ్ని.