ఫ్రాన్స్ రాణి ఎలినార్ ఇంగ్లండ్ రాణి ఎలా అయింది?

క్లుప్తంగా చెప్పాలంటే, పుట్టింటి ఆస్తి వల్ల. 1137లో తండ్రి పోగానే నైరుతి ఫ్రాన్స్‌లోని అక్విటేన్ అంతా ఎలినార్‌ది అయింది. ఆ ఏడాదే ఫ్రాన్స్ యువరాజు లూయీతో పెళ్లి, కొద్దిరోజులకే అతను రాజు, ఆమె రాణి. పెళ్లికొడుక్కి ఆమె ఇచ్చిన స్ఫటికపు పాత్ర ఇప్పటికీ లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

పెళ్లైన పదిహేనేళ్లలో పుట్టింది ఇద్దరూ ఆడపిల్లలే. వారసుడి టెన్షన్ లూయీది. దగ్గరి చుట్టరికం ఉందన్న సాకుతో 1152 మార్చిలో పెళ్లి రద్దు చేశారు. అక్విటేన్ ఆమెతోనే వెళ్లిపోయింది. రెండు నెలలైనా తిరక్కుండానే తనకన్నా చిన్నవాడైన హెన్రీని (ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్మండీ పాలకుడు) చేసుకుంది. తమాషా ఏంటంటే, లూయీకన్నా ఇతనే ఆమెకు దగ్గరి చుట్టం! 1154లో హెన్రీకి ఇంగ్లండ్ సింహాసనం దక్కింది, ఎలినార్ ఇంగ్లండ్ రాణి అయింది. 1173లో తిరగబడ్డ కొడుకుల పక్షాన నిలిచినందుకు అతనే ఆమెను సుమారు పదిహేనేళ్లు నిర్బంధంలో ఉంచాడు.